పెరటి తోట ప్రశ్నలు, జవాబులు: కార్తె చూసి విత్తు, వేలు పెట్టి చూసి నీళ్లు

ప్రశ్న: ఉద్యోగ విరమణ చేసి మేమిద్దరం సొంతూరు వచ్చేశాం. ఇంటి వెనక 2 సెంట్ల జాగా ఖాళీగా ఉంది. కిందటేడు సంక్రాంతి వెళ్లాక నర్సరీ నుంచి టమాటా, వంగ, కాలీఫ్లవర్ నారు తెచ్చి నాటాం. వంగ తప్ప మరేదీ సరిగా కాయలేదు. ఏడాది పొడవునా ఇద్దరికి సరిపడా కూరలు రావాలంటే ఏది ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేయాలి?
– దంపతులు, తాడేపల్లిగూడెం

జవాబు: తప్పు నారుది కాదు, నాటిన నెలది. కాలీఫ్లవర్ పువ్వు కట్టాలంటే చలి ఉండాలి. టమాటా పూత మీద ఉండగా పగటి ఎండ 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్లూ ఉక్కపోతగా ఉంటే పుప్పొడి పనికిరాకుండా పోయి పూత రాలిపోతుంది. మీరు జనవరి చివర నాటిన మొక్కలు సరిగ్గా మార్చి ఎండల్లో పూతకొచ్చాయి. వంగ వేడిని ఓర్చుకుంటుంది కాబట్టి దక్కింది. సంక్రాంతి తర్వాత వేయాల్సినవి బీర, సొర, దోస, గుమ్మడి, బెండ, గోరుచిక్కుడు. పెరటి తోటలో దిగుబడి పోవడానికి పురుగుల కన్నా ఈ కాలం తేడాయే ఎక్కువసార్లు కారణమవుతుంది. మందుల డబ్బా కన్నా ముందు గోడ మీది క్యాలెండర్ చూడాలని అందుకే పట్టుబడతాం.

2 సెంట్లంటే 97 గజాల దాకా వస్తుంది. దారులు, చెట్ల నీడ పోయినా 50 గజాల మళ్లు మిగులుతాయి. ఇద్దరికి అది ధారాళంగా సరిపోతుంది. విత్తే ముందు దిక్కులు చూసుకోండి. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. కాబట్టి నీడ పరిచేవన్నీ, అంటే పందిరి, మునగ, అరటి, బొప్పాయి ఉత్తరం గోడ వైపు పెట్టండి. వాటికి దక్షిణంగా వంగ, బెండ, మిరప, ముందు వరసలో ఆకుకూరలు వేయండి. పందిరి దక్షిణాన వేస్తే చలికాలంలో మీ టమాటాలు నీడలో పడతాయి. కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. 4 గంటలే తగిలే మూలల్లో పుదీనా, కొత్తిమీర, బచ్చలి సర్దుకోవచ్చు.

మడి వెడల్పు 4 అడుగులు దాటనివ్వకండి. చెరోవైపు కూర్చుంటే ఇద్దరి చేతులూ మధ్యకు అందాలి. మడి మధ్యలో ఒక్క అడుగు కూడా పెట్టకూడదు. తొక్కిన చోట మట్టి బిగిసి వేరు దిగదు. మళ్ల మధ్య అడుగున్నర దారి వదిలి, ఆ దారి మట్టినే తీసి మడి మీద పోసుకుంటే మడి అరడుగు ఎత్తవుతుంది. వానాకాలంలో నీరు నిలవకుండా కాపాడేది ఆ అరడుగే. మీది నల్లరేగడి అయితే ఇది తప్పనిసరి.

పని మే నెలలోనే మొదలవ్వాలి. రోహిణి కార్తె ఎండల్లో మట్టిని అడుగు లోతు తవ్వి, పెళ్లలు పగలగొట్టకుండా రెండు మూడు వారాలు అలాగే వదిలేయండి. నేలలో దాగిన పురుగుల కోశాలు, తుంగ దుంపలు ఆ ఎండకు చాలావరకు చస్తాయి. తొలకరి జల్లు పడ్డాక పెళ్ల చేత్తో నలిపితే పొడైపోతుంది. అప్పుడు సెంటుకు 100 కిలోల చొప్పున చివికిన పశువుల ఎరువు, 2 కిలోల వేపపిండి కలపండి. ఎరువు చివికిందా లేదా అన్నది చూసి, వాసన పట్టి తేల్చుకోవచ్చు. పిడికెడు తీసుకుని నలిపితే నల్లగా, టీ పొడిలా విడిపోవాలి. గడ్డి పరక కనబడకూడదు, చేతికి వెచ్చగా తగలకూడదు, తొలివాన మట్టి వాసన రావాలి. పేడ వాసన ఇంకా వస్తుంటే అది పచ్చి ఎరువే. అందులోంచి వచ్చే తెల్లటి వేరుపురుగు బెండ, మిరప మొక్కల్ని ఒక్కొక్కటిగా పడగొడుతుంది. అలాంటిది కుప్పపోసి తడిపి, మరో రెండు నెలలు ఆగి వాడండి.

మృగశిర ప్రవేశించాక, జూన్ రెండో వారం నుంచి, పందిరి కూరలు పెట్టండి. 8 అడుగుల గుంజలు తీసుకుని 2 అడుగులు నేలలోకి దింపితే పందిరి 6 అడుగుల ఎత్తులో నిలుస్తుంది. కింద నిలబడి కాయ కోసుకోవచ్చు. పాదుకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, సగం ఎరువు, సగం పైమట్టి కలిపి నింపండి. పాదుకు 4 గింజలు అంగుళం లోతున నాటి, నాలుగాకుల దశలో బలమైనవి రెండు ఉంచి మిగతావి గిల్లేయండి. లాగితే పక్క మొక్క వేళ్లు కదులుతాయి. కాకర గింజ తోలు గట్టిది కాబట్టి ఒక రోజంతా నానబెట్టాలి. ఇద్దరికి బీర 2 పాదులు, కాకర 2, సొర ఒకటి, పందిరి చిక్కుడు 2, దొండ ఒకటి చాలు. దొండ గింజతో పెట్టకండి. మగ తీగ వచ్చిందంటే పూలే తప్ప కాయ ఉండదు. కాసిన తీగ నుంచి పెన్సిల్ మందం కడ్డీలు, మూడు నాలుగు కణుపులున్నవి తెచ్చి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా నాటండి.

అదే నెలలో బెండ 20 మొక్కలు 2 అడుగుల వరసల్లో అడుగుకొకటి, గోంగూర 10 మొక్కలు వేయండి. తోటకూర, పాలకూర మాత్రం ఒక్కసారే చల్లేయకండి. 3 అడుగుల మడి ముక్క ఒకటి ఇవాళ, పక్కది పదిహేను రోజులకు, మూడోది మరో పదిహేను రోజులకు. మొదటిది కోతకొచ్చేసరికి మూడోది మొలకెత్తుతూ ఉంటుంది. తోటకూర గింజ సన్నం కాబట్టి పది రెట్లు ఇసుక కలిపి చల్లాలి. లేకపోతే ఒకేచోట గుబురుగా మొలిచి, వానకు మొదళ్లు కుళ్లి పడిపోతుంది. వంగ, మిరప నారు జూన్‌లో పోసి జులై, ఆగస్టుల్లో ఆరేసి మొక్కలు నాటుకోండి.

చలికాలం కూరలకు మీ ప్రాంతంలో ఒక చిక్కుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు పడితే లేత నారు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. కాబట్టి సెప్టెంబరు చివర టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ట్రేలలో, వరండా చూరు కింద ఎండ తగిలే చోట పోసుకోండి. సన్న రంధ్రాల దోమతెర కప్పి ఉంచితే తెల్లదోమ వాలదు, ఆకుముడత వైరస్ చాలావరకు తప్పుతుంది. 25, 30 రోజుల నారును వాన తెరిపి చూసి నాటండి. తెలంగాణలో ఆ నెలల్లో వాన తక్కువ కాబట్టి అక్కడివారు అంత ఆగనక్కర్లేదు. టమాటా పది మొక్కలనూ ఒకేసారి నాటకుండా ఐదేసి చొప్పున మూడు వారాల తేడాతో నాటితే కాయంతా ఒకే వారంలో మీద పడదు. ముల్లంగి, క్యారెట్ నేరుగా మడిలోనే విత్తాలి. నారు తీసి నాటితే దుంప చీలుతుంది, వంకర పోతుంది. కొత్తిమీరకు ధనియాన్ని రెండు బద్దలుగా విడగొట్టి ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మొలవడానికి పది రోజులు పైనే పడుతుంది, మొలవలేదని మూడో రోజే మడి తిరగదోడేయకండి.

సంక్రాంతి తర్వాత జనవరి చివర నుంచి ఫిబ్రవరి ముగిసేలోపు మళ్లీ పాదులు. ఫిబ్రవరి దాటి వేసిన బెండకు తెల్లదోమ పట్టి ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరిగే శంకురోగం ఎక్కువ. దాన్ని కొంత తట్టుకునే అర్క అనామిక రకం విత్తనం అడిగి తెచ్చుకోండి.

ఇంకొక్క మాట. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం. ఈసారి అవి పెరిగిన మడిలో వచ్చే కారుకు చిక్కుడు జాతి గానీ ఆకుకూరలు గానీ వేయండి. ఎక్కడ ఏం వేశారో నోటు పుస్తకంలో మడి బొమ్మ గీసి తేదీతో రాసుకోవాలి. రెండో ఏడాదికి అందులో ఏదీ గుర్తుండదు.

ప్రశ్న: మావారు పొద్దున నడక నుంచి రాగానే కుండీల్లోని మొక్కలకు నీళ్లు పోస్తారు. నేను సాయంత్రం దీపం పెట్టే ముందు పోస్తాను. అయినా మిరప మొక్కలు వడలిపోతున్నాయి. టమాటా కాయల అడుగున నల్లటి మచ్చ వచ్చి గుంటపడుతోంది. నీళ్లు చాలడం లేదని నేను, ఎక్కువయ్యాయని ఆయన. ఎవరిది నిజం?
– పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మిరప విషయంలో ఆయన మాటే నిజమనిపిస్తోంది, కానీ మొక్కనే అడిగి తేల్చుకోండి. మధ్యాహ్నం ఎండకు ఆకు వాలి, సాయంత్రానికి తేరుకుంటే అది ఎండ దెబ్బే, కంగారు అక్కర్లేదు. తెల్లవారుజామున చూసినా వాలిపోయే ఉండి, మట్టి తడిగా ఉంటే మాత్రం నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతోంది. వేరుకు గాలి కూడా కావాలి. మట్టిలో సందులన్నీ నీటితో నిండిపోతే వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి, తడిలో నిలబడి కూడా మొక్క దాహంతో వాలుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తాం. పాపం, చాలా ఇళ్లలో మొక్కలు ఇలాగే పోతున్నాయి.

చూపుడు వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దింపండి. వేలికి మట్టి అంటుకుని చల్లగా తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా రాలిపోతే పోయండి. పోసినప్పుడు చెంబుడు కాకుండా కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోయండి. పైపైన రోజూ తడిపితే వేరు కూడా పైపైనే ఉండిపోతుంది. కుండీ అడుగు రంధ్రాలు మట్టితో పూడాయేమో పుల్లతో పొడిచి చూడండి. కుండీ కింద పళ్లెం ఉంటే అందులో నీరు నిలవనివ్వకండి.

టమాటా కాయ అడుగున నల్లబడడం తెగులు కాదు, పురుగూ కాదు. కాయ చివరకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా అది నీటితో పాటే మొక్కలోకి ఎక్కుతుంది. ఓ రోజు మడుగు కట్టేంత నీళ్లు, రెండు రోజులు ఎండు అన్నట్టు సాగితే ఆ ప్రవాహం తెగుతుంది, మొదట నష్టపోయేది కాండానికి దూరంగా ఉన్న కాయ చివర. మచ్చపడినవి కోసేయండి, అవి ఇక బాగుపడవు. మొదళ్ల చుట్టూ రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచి తేమ ఒకే తీరుగా ఉంచండి. అవసరమైతే కాల్షియం నైట్రేట్ లీటరు నీటికి 5 గ్రాములు కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట చల్లండి. గుడ్డు పెంకుల పొడి మంచిదే గానీ కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందదు.

నీటి పని ఇద్దరిలో ఒక్కరికే అప్పగించండి. రెండోవారు ఆకు వెనకలు చూసే పని తీసుకోండి. రోజూ పది నిమిషాలు ఆకు తిరగేసి చూసే ఇంట్లో పురుగు ముదిరే దాకా రాదు.

ప్రశ్న: బీర తీగ పందిరంతా అల్లుకుంది. పసుపు పూలు బుట్టెడు పూస్తున్నాయి, కాయలు లేవు. అప్పుడప్పుడు పిందె కనబడినా పసుపెక్కి రాలుతోంది. నిలిచిన ఒకటి రెండు కాయలు వంకరపోయి, కోస్తే లోపల పురుగులు. ఏం వేయాలి?
– దంపతులు, ఖమ్మం

జవాబు: మీకున్నవి రెండు సమస్యలు. ముందు పూల సంగతి. బీరలో మగపూలు గుత్తిగా వస్తాయి, సన్నటి కాడ తప్ప వెనక ఏమీ ఉండదు. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని వెనక చిటికెన వేలంత బీరకాయ అప్పటికే తయారై ఉంటుంది. మొదటి పది పదిహేను రోజులు మగపూలే రావడం సహజం. ఆ తర్వాత కూడా ఆడపూలు తక్కువగా ఉంటే నత్రజని ఎక్కువైనట్టు. యూరియా గానీ, పచ్చి పేడ నీళ్లు గానీ పోస్తుంటే ఆపేయండి.

పిందె పసుపెక్కి రాలడం ఎక్కువగా పుప్పొడి అందకే. చాలామంది పొద్దున్నే లేచి పూలు కలుపుతారు. బీర పువ్వు విచ్చేది సాయంత్రం 5 గంటల తర్వాత. సొర, పొట్ల పూలూ సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడి పూలు పొద్దున. కాబట్టి బీర దగ్గరకు దీపాల వేళ వెళ్లాలి. అప్పుడే విచ్చిన మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి ఒలిచేస్తే మధ్యలో పసుపు పొడితో కేసరాలు మిగులుతాయి. గోటికి రాస్తే పొడి అంటాలి, అంటకపోతే పువ్వు ఇంకా విచ్చుకోలేదు, పావుగంట ఆగండి. దాన్ని ఆడపువ్వు నడుమ జిగురుగా ఉండే మూడు తమ్మెల కీలాగ్రం మీద చుట్టూ మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. నిలిస్తే మూడు నాలుగు రోజుల్లో పిందె కాడ లావెక్కి కిందికి బరువుగా వేలాడుతుంది. సొరకైతే ఇంకో కిటుకు: తీగ పందిరికెక్కగానే కొస గిల్లండి. సొర పక్క కొమ్మల మీద ఆడపూలు ఎక్కువ వస్తాయి.

రెండోది, వంకర కాయలో పురుగు. అది పండు ఈగ పని. లేత పిందెను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పొడిచిన చోట జిగురు బొట్టు గట్టిపడి కనబడుతుంది, ఆ వైపు పెరగక కాయ వంగిపోతుంది. కాయ లోపలికి పురుగు చేరాక ఏ మందు చల్లినా అందదు. కాబట్టి పిందె నిలిచిన రెండో రోజే కాగితపు సంచి గానీ పలుచటి గుడ్డ సంచి గానీ తొడిగి, కాడ దగ్గర దారంతో వదులుగా కట్టండి. రాలినవి, వంకరవి ఏరి పాలిథిన్ కవరులో మూతి కట్టి వారం రోజులు ఎండలో పడేయండి. ఎరువు గుంతలో వేస్తే అక్కడే పెరిగి మళ్లీ మీ పందిరికే వస్తాయి. ఎర బుట్ట కొనేటప్పుడు క్యూ ల్యూర్ అని అడగండి. మామిడి, జామ ఈగలకు వాడే మిథైల్ యూజినాల్ ఎరకు తీగజాతి కూరల ఈగ రాదు. దుకాణంలో రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి ఇక్కడే చాలామంది మోసపోతున్నారు.

చేదు గురించి కూడా చెప్పాలి. సొరకాయ గానీ బీరకాయ గానీ కోశాక చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ పారేయండి. చేదు సొరకాయ రసం తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. ఉడికిస్తే ఆ విషం పోదు.

ప్రశ్న: మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయి. వేపనూనె కొట్టినా తగ్గలేదు.
– పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: ముడత ఎటు తిరిగిందో చూశారా? ఆకు అంచులు పైకి లేచి దోనెలా ఉంటే పైముడత, అది తామరపురుగు వల్ల. అంచులు కిందికి వంగి, ఆకు బోర్లించిన పడవలా మారి, కాడ పొడుగ్గా సాగి ఎలుక తోకలా ఉంటే కింద ముడత, అది తెల్లనల్లి వల్ల. రెంటికీ వైద్యం వేరు.

పైముడతకు నీలం రంగు జిగురు అట్టలు మొక్కల ఎత్తులో కట్టి, వేపనూనె లీటరుకు 5 మి.లీ., కాస్త సబ్బునీరు కలిపి ఆకు అడుగు తడిసేలా వారానికోసారి సాయంత్రం కొట్టండి. కింద ముడతకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన మొక్క మీద రెండు వారాల లోపు గంధకం పడకూడదు. ఆకులు చిన్నవై, పసుపు రంగుకు తిరిగి, మొక్కంతా గుత్తిలా కుదించుకుపోతే అది వైరస్. దానికి మందు లేదు. పీకి దూరంగా పూడ్చండి, మిగతా మొక్కలన్నా దక్కుతాయి.

ప్రశ్న: ఫిబ్రవరిలో పెట్టిన పందిరి చిక్కుడు ఇల్లెక్కేసింది. ఆగస్టు వచ్చినా ఒక్క పువ్వు లేదు. పీకేయమంటారా?
– దంపతులు, నిజామాబాద్

జవాబు: పీకకండి. నాటు పందిరి చిక్కుడు పగలు పొట్టిదై రాత్రి పెరిగితేనే పూస్తుంది. ఫిబ్రవరిలో పెట్టినా జూన్‌లో పెట్టినా చలి మొదలయ్యాకే పూత. ఫిబ్రవరిలో పెడితే నీళ్లు, చాకిరీ అదనం, అంతే. ఇప్పుడు ముదురు తీగను మూడో వంతు కత్తిరించి, గాలి ఆడేలా పలచన చేసి, పాదుకు 2 కిలోల ఎరువు వేయండి. రథసప్తమి పూట రథం కట్టడానికి చిక్కుడు కాయలు మన ఇళ్లలో సిద్ధంగా ఉండేది ఈ స్వభావం వల్లే. పూత మొదలయ్యాక లేత కొసలకు పేనుబంక పడుతుంది. మొదట్లోనే గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి రాల్చండి. ఏ కాలమైనా కాయాలంటే అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడు రకాలున్నాయి.

ప్రశ్న: గుండు మల్లె పొద నాలుగేళ్లది. ఆకు దట్టంగా ఉంటుంది, వేసవిలో మూరెడు పూలు కూడా రావు.
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మల్లెకు ఏటా ఓ విశ్రాంతి ఇవ్వాలి, ఆపైన ఓ కోత కోయాలి. నవంబరు చివర నుంచి నీళ్లు తగ్గిస్తూ వచ్చి డిసెంబరులో దాదాపు ఆపేయండి. ఆకు కాస్త పాలిపోతుంది, పోనివ్వండి. జనవరిలో పొద చుట్టూ తాడు బిగించి దగ్గరకు లాగి, నేల నుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తులో పదునైన కత్తెరతో అంతా కోసేయండి. ఎండు పుల్లలు, లోపలికి పెరిగే సన్న కొమ్మలు మొదలంటా తీసేయాలి. మిగిలిన ఆకు కూడా దూసేయాలి. ఇక్కడే చెయ్యి రాదు చాలామందికి. పచ్చని పొదను మోడు చేయడానికి మనసొప్పక కొసలు మాత్రం కత్తిరిస్తారు. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగురు మీద. పాత కొమ్మ ఎంతుంటే పూలు అంత తక్కువ.

కోశాక మొదలు చుట్టూ మట్టి అడుగు దూరం వదిలి గొప్పు తవ్వి, వారం ఆరనిచ్చి, పొదకు 10 కిలోల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి మట్టి కప్పి అప్పుడు నిండుగా నీళ్లు పెట్టండి. కొత్త చిగురు వచ్చి మార్చికి మొగ్గ కనబడుతుంది. మొగ్గలు గులాబీ రంగు తిరిగి, గూడు అల్లినట్టు రెండు మూడు కలిసిపోయి ఉంటే లోపల మొగ్గ తొలుచు పురుగు ఉంది. అలాంటివి ఏ పూటకాపూట కోసి సబ్బు నీళ్లలో వేయండి.

ప్రశ్న: వంగ మొక్క పచ్చగా ఉంటుంది, కొసలు మాత్రం వాడి వేలాడుతున్నాయి. నీళ్లు పోసినా లేవడం లేదు.
– పాఠకుడు, కావలి

జవాబు: కొసలోకి పురుగు తొలిచింది. వాడిన చోటుకు అంగుళం కింద తుంచి చీల్చి చూస్తే లోపల లేత గులాబీ రంగు పురుగు కనబడుతుంది. పూత రాకముందు వారానికి రెండుసార్లు ఇలా తుంచి నాశనం చేస్తే తర్వాత కాయల్లో పుచ్చు సగానికి సగం తగ్గుతుంది. తుంచిన చోట పక్క కొమ్మలు వస్తాయి, నష్టమేమీ లేదు. వేపగింజల పొడి 50 గ్రాములు మూటకట్టి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి, సబ్బునీటి చుక్కలు వేసి పది రోజులకోసారి కొట్టండి. కాసిన కాయను మాత్రం కోసి చూశాకే వండుకోవాలి.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ ఇంటి వెనక ఏటా గోంగూర, సొర, కరివేపాకు పెంచుతున్నాం. సొర కాయడం మొదలయ్యేసరికి చలి వచ్చేస్తోంది. కరివేపాకు ప్రతి చలికాలం చచ్చిపోతోంది.
– దంపతులు, డాలస్, అమెరికా

జవాబు: మీ ఊళ్లో మంచు ముప్పు సాధారణంగా మార్చి మధ్యకు తగ్గి నవంబరు రెండో సగంలో మళ్లీ వస్తుంది. సొర గింజలను ఫిబ్రవరి చివర ఇంట్లో కాగితపు కప్పుల్లో నాటి, మూడు నాలుగు వారాల మొక్కను మట్టి వెచ్చబడ్డాక కప్పుతో సహా అడుగు చింపి దించండి. సొర వేరు కదిలిస్తే వారం పది రోజులు బెంగ పెట్టుకుంటుంది. ఆరు నెలల పైన కాలం దొరుకుతుంది. జులై, ఆగస్టుల్లో ఎండకు పూత రాలినా తీగను తీయకండి, సెప్టెంబరులో మళ్లీ కాస్తుంది. గోంగూర నేరుగా ఏప్రిల్‌లో విత్తండి. పగలు తగ్గే అక్టోబరుకు పూతకొచ్చి ఆకు సన్నబడుతుంది కాబట్టి అంతలోపే పచ్చడికి కోసేసుకోవాలి.

కరివేపాకు ఎప్పుడూ కుండీలోనే ఉండాలి. రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగే లోపు ఇంట్లోకి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి. ఆకు కొంత రాలుతుంది. అది విశ్రాంతి, జబ్బు కాదు. ఆ నెలల్లో ఎరువు వద్దు, మట్టి బాగా ఆరాకే నీళ్లు. ఇంట్లో చచ్చిపోయేవి ఎక్కువగా చలికి కాదు, తడికి. ఇంకొకటి, నిమ్మజాతి తోటలకు చేటు చేసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. అందుకే కొన్ని రాష్ట్రాల్లో ఈ మొక్కను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడంపై ఆంక్షలున్నాయి. బంధువుల ఇంటికి మొక్క పట్టుకెళ్లే ముందు అక్కడి వ్యవసాయ శాఖ నిబంధన చూసుకోండి.

ప్రశ్న: మే నెలలో పెళ్లికి పది రోజులు ఊరెళ్లాలి. పక్కింటి పిన్నిగారు నాలుగు రోజులకోసారి వచ్చి చూస్తానన్నారు. తోట బతుకుతుందా?
– దంపతులు, అనంతపురం

జవాబు: బతుకుతుంది. మెరుగు పెట్టని, 8 లీటర్లు పట్టే మట్టి కుండలు నాలుగు తెచ్చి, మొక్కల గుంపు మధ్య మెడ దాకా పూడ్చండి. నీళ్లు నింపి మూత పెట్టండి. మట్టి ఆరేకొద్దీ కుండ గోడల నుంచి నీరు ఊరుతుంది. ఎండను బట్టి మూడు నాలుగు రోజులు వస్తుంది కాబట్టి పిన్నిగారు వచ్చినప్పుడు కుండ నింపితే చాలు. ఒక్కో కుండ చుట్టూ అడుగున్నర లోపలి మొక్కలకే తేమ అందుతుంది, అంతకన్నా దూరంగా ఉన్నవాటికి కాదు. ఇది మీరు వెళ్లడానికి రెండు వారాల ముందే పెట్టాలి. వేళ్లు కుండ వైపు తిరగడానికి ఆ సమయం పడుతుంది.

వెళ్లే ముందు రోజు మడులన్నీ నిండా తడిపి, మూడంగుళాల మందాన ఎండుగడ్డి గానీ ఆకులు గానీ పరవండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. కుండీలన్నీ తూర్పు గోడ నీడకు చేర్చి ఒకదానికొకటి ఆనించి పెట్టండి. పైన 50 శాతం నీడ వల కట్టండి. ఎరువు, మందు ఏదీ ఆ వారంలో వేయొద్దు. బెండ, బీర, గోరుచిక్కుడు పిందెలతో సహా కోసేయండి. ఒక్క కాయ ముదిరి గింజ కట్టినా మొక్క తన పని అయిపోయిందనుకుని కొత్త పూత ఆపేస్తుంది. మధ్యలో వచ్చినప్పుడు కాసిన కాయలు పిన్నిగారినే కోసుకెళ్లమనండి.